మాదయ్య గీసిన నడిమిగీత

మద్రాసు హార్బరుకు దగ్గరలో, తంబుచెట్టి వీధి వెనక సందులో, ఒక క్లియరింగ్ కంపెనీకి కలప యార్డు ఉండేది. పైదేశాలకు పోయే సరుకుకు అక్కడ పెట్టెలు కట్టేవాళ్ళు. ఇత్తడి దీపాలకీ తోళ్ళకీ ఏ వడ్రంగి అయినా చాలు. రాతిబొమ్మ వచ్చిందంటే మాత్రం మాదయ్య చెయ్యి పడాల్సిందే.

మాదయ్య తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి రాయపురంలో స్థిరపడ్డాడు. మాదయ్య వయసులో ఉండగా పెరంబూరు రైలు వర్క్‌షాపులో చెక్కపని నేర్చుకుని, తర్వాత హార్బరు వైపు వచ్చి, ఇరవై ఏళ్ళకు పైగా ఆ యార్డులోనే ఉండిపోయాడు. పొడుగ్గా, కొంచెం వంగి, చెవిమీద పెన్సిలు పెట్టుకుని తిరిగే మనిషి. మాట తక్కువ. తన పనిలో ఎవరైనా తప్పు పట్టారంటే రెండు రోజులు సరిగా అన్నం తినడని ఆయన భార్య అలమేలు చెప్పేది.

బొమ్మ యార్డుకు రాగానే మాదయ్య దానిమీద కుండెడు నీళ్ళు పోసి, ఎండలో ఆరనిచ్చి, పక్కన గొంతుకూర్చునేవాడు. రాయంతా ఆరిపోయాక కూడా ఎక్కడైనా తడి వెంట్రుకలా నిలిచి ఉంటే అక్కడ బీట ఉన్నట్టు. తర్వాత చెక్కసుత్తితో మెల్లగా తట్టి వినేవాడు. మంచి రాయి కంచులా పలుకుతుంది. నిలువుబొమ్మనైనా నిలబెట్టి పంపడు, వెల్లకిలా పడుకోబెడతాడు. మెడ కింద, నడుము కింద, తొడల కింద ఒంటి ఒంపుకు సరిపోయేట్టు దుంగలు తొలిచి పెట్టి, వాటిమీద కంబళి పరుస్తాడు. బరువంతా భుజాలూ తొడలూ మొయ్యాలి. ముక్కు, వేళ్ళు దేన్నీ తాకకూడదు. ఖాళీల్లో ఎండు కొబ్బరిపీచు. మూతకు మేకులు కొట్టడు, బోల్టులు బిగిస్తాడు.

ఆఖరున పెట్టెను ఒక ఇనప గొట్టం మీదికి ఎక్కించి, అటూ ఇటూ జరుపుతూ, రెండు చివరలూ గాలిలో సమంగా నిలిచే చోటు కనిపెట్టేవాడు. బరువుకు నడిమి అది. అక్కడ పెట్టె చుట్టూ నల్లరంగుతో గీత గీసేవాడు. రేవులో ఆ గీతకు ఇరుపక్కలా సమాన దూరంలో తాళ్ళు వేసి ఎత్తితే పెట్టె వాలకుండా లేస్తుంది. గీత తప్పితే ఒక పక్కకు ఒరిగి, తాళ్ళలోంచి జారిపోతుంది.

ఆ తాళ్ళు వేసేవాడు సుబ్బన్. ఎన్నూరు మనిషి, తమిళుడు. భార్య కోకిల పాతకాలం నుంచి అక్కడే ఉన్న తెలుగు కుటుంబంలోది కాబట్టి అతనికి తెలుగు బాగానే వచ్చు. సుబ్బన్ మాదయ్య కంటే ఎనిమిదేళ్ళు చిన్న. రాతిబొమ్మ రేవుకు వెళ్ళినప్పుడల్లా మాదయ్య లారీలో కూడా పోయి, పెట్టె ఓడ లోపలికి దిగేదాకా గట్టుమీదే నిలబడేవాడు. సుబ్బన్ తాళ్ళు వేసి, ముళ్ళు చూసి, పెట్టెను అరచేత్తో రెండుసార్లు చరిచి, క్రేను మనిషికి చెయ్యెత్తేవాడు. మొదట జానెడు ఎత్తు లేపించి, దించి, తాళ్ళు సర్ది, మళ్ళీ లేపించేవాడు. తాడు బిగుసుకోవడానికి అలా చేస్తాడని మాదయ్య అనుకునేవాడు. పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ అలా కలిసి పని చేశారు.

యాభై ఐదో సంవత్సరం, కార్తీకమాసంలో ఒక బొమ్మ వచ్చింది. కాంచీపురం దగ్గర ఒక శిల్పి కొత్తగా చెక్కింది. ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలి మీదికి ఎత్తిపెట్టుకుని, అరికాల్లో ముల్లు తీసుకుంటున్న ఆడమనిషి. నల్లరాయి, నిలువెత్తు. హాంబర్గులో ఎవరో షావుకారు తన తోటకోసం కొన్నాడు. యార్డులో అందరూ ఆమెకు ముల్లమ్మ అని పేరు పెట్టారు. ఒంటికాలి చీలమండ దగ్గర రాయి మణికట్టంత సన్నం. మాదయ్య ఆమెకోసం తొమ్మిది రోజులు పని చేశాడు. గీత కూడా గీసేశాడు. కింద ఉండే పద్మపీఠం వేరే రాయి. దానికి విడిగా ఇంకో పెట్టె కట్టాలి.

పదో రోజు మధ్యాహ్నం కంపెనీ గుమాస్తా భాష్యం గొడుగు ముడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"మాదయ్యా, హార్బర్లో తుఫాను జెండా ఎక్కించినారు. ఓడలన్నీ సాయంత్రం లోపల రేవు వదలాలంట. పీఠానికి వేరే పెట్టె కట్టేంత టైం లేదు. దీంట్లోనే కాళ్ళ వైపు వేసెయ్."

"వేస్తాను సార్. మళ్ళా తూకం చూడాల."

"చూడు, ఎవురొద్దన్నారు? లారీ మాత్రం నిలబడదు."

మూత విప్పి, కాళ్ళ వైపు చోటు చేసి, పీఠాన్ని దించి, కదలకుండా దుంగలు బిగించేసరికి లారీ వచ్చి హారన్ కొడుతోంది. పెట్టెను గొట్టం మీదికి ఎక్కించడానికి ఎనిమిదిమంది కావాలి. వాళ్ళు అప్పటికే లారీ దగ్గర ఉన్నారు. నడిమి కాళ్ళ వైపుకు ఒక నాలుగు వేళ్ళు జరిగి ఉంటుందని మాదయ్య కంటితోనే లెక్క కట్టాడు. కొత్త గీత గీద్దామని కుంచె తీశాడు. వాన జల్లు మొదలైంది. తడిసిన చెక్కమీద రంగు పట్టలేదు, నీళ్ళతో కలిసి కారిపోయింది. సరే, సుబ్బన్‌తో నోటితో చెబుదాం అనుకుని లారీ ఎక్కాడు.

రేవులో గాలి తాళ్ళను లాగుతోంది. ఓడ మీదనుంచి ఎవరో అరుస్తున్నారు. క్రేను మనిషి గంటమీద గంట కొడుతున్నాడు. సుబ్బన్ తాళ్ళు వేసి, ముళ్ళు చూసి, ముఖంమీది నీళ్ళు తుడుచుకుని మాదయ్య వైపు తిరిగాడు.

"ఏమన్నా, గీత సరిగ్గా ఉండాదా?"

ఆ పద్దెనిమిదేళ్ళలో సుబ్బన్ ఆ మాట అడగడం అదే మొదటిసారి. పక్కన భాష్యం నిలబడి ఉన్నాడు. పదిమంది కూలీలు చూస్తున్నారు. తన గీత తప్పు అని అంతమంది ముందు చెప్పడానికి మాదయ్యకు నోరు రాలేదు. నాలుగు వేళ్ళే కదా అనుకున్నాడు.

"సరిగ్గానే ఉండాది. ఎత్తించు."

సుబ్బన్ పెట్టెను రెండుసార్లు చరిచి చెయ్యెత్తాడు. పెట్టె ఆగకుండా పైకి లేచింది. రెండు నిలువుల ఎత్తుకు పోయాక కాళ్ళ వైపు మెల్లగా వాలింది. తలవైపు తాడు సడలి, గీరుకుంటూ జారింది. కింద ఇద్దరు కూలీలు ఉన్నారు. సుబ్బన్ పరుగెత్తి వాళ్ళను రెండు చేతులతో నెట్టేశాడు. తాను తప్పుకోలేకపోయాడు.

మర్నాడు ఏ తుఫానూ రాలేదు. ఎండ కాసింది.

విచారణ కోసం పెట్టెను తిరిగి యార్డుకు తెచ్చారు. బొమ్మ ఎంత దెబ్బతిందో చూసి చెప్పమని మేనేజరు మాదయ్యను పిలిచాడు. పెట్టె ఒక మూల చీలింది, అంతే. మాదయ్య ఒక్కడే మూత విప్పాడు. ఆ మూల కొబ్బరిపీచు నల్లగా గడ్డకట్టి ఉంది. దాన్ని చేత్తో తీసి గోతిలో పూడ్చాడు. తర్వాత ముల్లమ్మ మీద నీళ్ళు పోసి పక్కన కూర్చున్నాడు. ముందు నుదురు ఆరింది, తర్వాత రొమ్ము, పొట్ట, తొడలు. చీలమండ దగ్గర వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. తడి ఎక్కడా నిలవలేదు. సుత్తితో తట్టాడు. కంచులా పలికింది.

ఒక్క బీటైనా ఉంటే బావుండునని ఆయన ఆ రోజు కోరుకున్నాడు.

మూత బిగించి, కూలీల చేత పెట్టెను గొట్టం మీదికి ఎక్కించి నడిమి చూసుకున్నాడు. తేడా నాలుగు వేళ్ళు కాదు. జానెడు మీద రెండు వేళ్ళు. పాత గీత ఉన్న పలకలను చిత్రిక పట్టి, కొత్త గీత గీశాడు. ఎవరూ అడగలేదు.

కంపెనీ నివేదికలో, సుబ్బన్ కల్లు తాగి ఉన్నాడనీ, మత్తులో తాళ్ళు తప్పుగా వేశాడనీ రాసి ఉంది. మద్రాసులో అప్పటికి ఏడేళ్ళుగా తాగుడు నిషేధం. సుబ్బన్ బీడీ కూడా ముట్టని మనిషి. ఆ నివేదిక రాసింది భాష్యమే. పీఠం సంగతి అందులో లేదు. మాదయ్యను ఎవరూ ఏమీ అడగలేదు, మాదయ్య ఏమీ చెప్పలేదు. నెలన్నర తిరగకముందే ముల్లమ్మ వేరే ఓడలో హాంబర్గు చేరింది. అంత ఎత్తునుంచి పడినా బొమ్మకు గీత పడలేదని తెలిసి, పెట్టె కట్టినవాడిని మెచ్చుకుంటూ ఆ షావుకారు ఉత్తరం రాశాడు. మేనేజరు యార్డులో అందరినీ నిలబెట్టి ఆ ఉత్తరం చదివించి, మాదయ్యతో చెయ్యి కలిపాడు. మాదయ్య ఆ చేతిని రోజంతా పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

చప్పుడు వినబడటం ఆ వారమే మొదలైంది.

ఒక వినాయకుడి బొమ్మను సర్ది, మూత వేసి, ఆఖరి బోల్టు బిగించి వెనక్కి తిరిగాడు. పెట్టె లోపలనుంచి ఎవరో అరచేత్తో చరిచినట్టు రెండు దెబ్బలు. మాదయ్య ఆగాడు. కట్టె ఎండకు పేలి ఉంటుంది అనుకున్నాడు. రెండడుగులు వేశాడు. మళ్ళీ రెండు దెబ్బలు. బోల్టులు విప్పి చూశాడు. వినాయకుడు తాను పెట్టినట్టే పడుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. మళ్ళీ మూశాడు. చప్పుడు మళ్ళీ వచ్చింది. ఆ రోజు ఆ పెట్టెను ఐదుసార్లు విప్పాడు.

తర్వాత అది రాతిబొమ్మలకే పరిమితం కాలేదు. దీపాల పెట్టెలోనుంచి, తోళ్ళ మూటలోనుంచి, ఒకసారి ఖాళీ పెట్టెలోనుంచి కూడా వచ్చింది. పట్టపగలు, నలుగురు మాట్లాడుకుంటుండగా వినబడేది. పక్కనున్నవాళ్ళను "ఏమైనా వినపడిందా?" అని అడగడం కొన్నాళ్ళకు మానేశాడు. వాళ్ళు ఆయన ముఖం చూసి పనిలో తలలు వంచుకునేవాళ్ళు. సిద్ధమైన పెట్టెలను ఆయన మళ్ళీ మళ్ళీ విప్పడంతో రెండు సరుకులకు ఓడ తప్పింది. మనిషి సగమైపోయాడు. ఇంట్లో అలమేలు వెదురు చేటలో బియ్యం చెరుగుతూ అడుగున తట్టినా ఉలిక్కిపడేవాడు.

ఒక ఆదివారం అలమేలు చేట పక్కన పెట్టింది.

"ఏమయ్యా, ఆ సుబ్బన్ పోయి మూడు నెల్లయింది. నువ్వు ఒక్కసారైనా ఆ ఇంటి గడప తొక్కినావా?"

మాదయ్య లేవబోయాడు.

"నాకు ఏం జరిగిందో తెలీదు. నువ్వు చెప్పలేదు, నేను అడగను. పోయి రా."

ఆ సాయంత్రమే మాదయ్య ఎన్నూరు వెళ్ళాడు. ఏరు సముద్రంలో కలిసే చోటుకు కొంచెం ఇవతల, ఇసుకలో ఒక వరస తాటాకు ఇళ్ళు. కోకిల వాకిట్లో వల బాగు చేస్తోంది. వలలు అల్లడం ఆమె పుట్టింటివాళ్ళ పని, ఇప్పుడు దాన్నే పట్టుకుని బతుకుతోంది. ఆయన్ని చూసి లేచి, చాప వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"రా అన్నా. ఇన్నాళ్ళకు వచ్చినావే."

ఏ మాటతో మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. అది కాస్తా మరిచిపోయాడు. "తాళ్ళు వెయ్యడంలో సుబ్బన్ అంతటివాడు హార్బర్లో లేడమ్మా" అన్నాడు.

కోకిల వల వైపు చూస్తూనే చిన్నగా నవ్వింది. "నీ గురించి కూడా అట్లే అనేవాడు. కానీ నీ గీతను మాత్రం ఆయన ఏనాడూ నమ్మలేదన్నా."

"ఏమన్నావు?"

"కోపం తెచ్చుకోవద్దు. యార్డులో నువ్వు సరిగ్గానే గీస్తావంట. లారీలో కుదుపులకు లోపల బరువు జరగతాదంట. అందుకని ఏ పెట్టెనైనా ముందర జానెడు ఎత్తు లేపించి, ఏ పక్క వాలతాదో చూసి, దించి, తాళ్ళు మార్చి కట్టేవాడు. పదింటికి మూడు నాలుగు అట్లా మార్చాల్సిందేనంట. అన్నకు చెప్పొచ్చు గదా అంటే, 'ఆయన మనసు కష్టపెట్టుకుంటాడే, రెండు దినాలు అన్నం తినడు, ఈ పని నేనే చూసుకుంటే పోలా' అనేవాడు."

మాదయ్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ళలో తాను పంపిన ప్రతి పెట్టె ఆయన కళ్ళముందు జానెడు లేచి, దిగి, మళ్ళీ లేచింది. తన పనితనం అనుకున్నదాంట్లో సగం ఆ మనిషి నోరెత్తకుండా దిద్దిపెట్టింది. ఆ రోజు జానెడు లేపి చూసే వ్యవధి లేకనే, వానలో ముఖం తుడుచుకుని, మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"ఆ పొద్దు నన్ను అడిగినాడమ్మా" అన్నాడు మాదయ్య. "గీత సరిగ్గా ఉండాదా అని అడిగినాడు. తప్పని నాకు తెలుసు. పీఠం కాళ్ళ వైపు వేసినాం, కొత్త గీత వెయ్యలేదు. తెలిసీ సరేనన్నాను. ఆయన తాగలేదు. తాళ్ళు తప్పు వెయ్యలేదు. నా మాట నమ్మి ఎత్తించినాడు."

కోకిల చేతిలో దారపు కండె ఆగిపోయింది. ఏటి దగ్గర ఎవరో పడవను ఒడ్డుకు లాగుతున్న చప్పుడు వస్తోంది.

"తాగుబోతని రాసినారంట" అంది చివరికి. "బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేస్తారు. అది నీకు తెలుసునా?"

"తెలుసు."

"అయితే పోయి ఆడ చెప్పు. నాకెందుకు చెప్తావు?"

మాదయ్య లేచి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే భాష్యం దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. భాష్యం తలుపు మూసి, గొంతు తగ్గించాడు.

"నీకు మతి చెడిందా? కాగితాలు మూసేసినారు. నీ ఉద్యోగమూ పోతుంది, నాదీ పోతుంది. నాకు ముగ్గురు ఆడపిల్లలుండారు మాదయ్యా."

"మీ పేరు నేనెత్తను సార్. గీత నాది."

హార్బరు ప్రమాదాలను విచారించే అధికారి గదిముందు మాదయ్య రెండు రోజులు బల్లమీద కూర్చున్నాడు. మూడో రోజు లోపలికి పిలిచారు. అధికారి ముసలాయన, ఓపికగా విన్నాడు. పెట్టె ఎలా కడతారు, నడిమి ఎలా చూస్తారు అని అడిగి, బల్లమీది రూళ్ళకర్రను పెన్సిలు మీద నిలబెట్టి చూపించమన్నాడు. మాదయ్య చూపించాడు. ఒక చివర ఇంకుబుడ్డి మూత పెట్టగానే కర్ర వాలి కింద పడింది. ఆ చిన్న చప్పుడుకు మాదయ్య కళ్ళు మూసుకున్నాడు.

"మూడు నెలలు ఊరకుండి ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అన్నాడు అధికారి.

"చెప్పకుండా ఉండటం నాకు చాతకాలేదు సార్."

వాంగ్మూలం రాయించుకుని వేలిముద్ర వేయించుకున్నారు. రెండు నెలల తర్వాత పాత నివేదికలో మద్యం మాట కొట్టేసి, తాళ్ళు వేసినవాడి తప్పు లేదని కొత్త కాగితం ఇచ్చారు. కంపెనీ మాదయ్యను అంతకు ముందే తీసేసింది. పీఠం అందులో వెయ్యమన్నది తానేనని భాష్యం ఎవరికీ చెప్పలేదు. ఆ పేరెత్తనన్న మాట మాదయ్యా తప్పలేదు.

కాగితం పట్టుకుని మళ్ళీ ఎన్నూరు వెళ్ళాడు. కోకిలకు చదువు రాదు. చుట్టుపక్కల ఆడవాళ్ళను పిలుచుకొచ్చి, బడిపంతులు చేత వాకిట్లోనే గట్టిగా చదివించింది. చదువుతున్నంతసేపూ మాదయ్య ఎండలో నిలబడే ఉన్నాడు. అంతా అయ్యాక ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"మేలు చేసినావన్నా" అంది. "ఇంక ఈడికి రావద్దు."

ఆయన వెళ్ళలేదు. చప్పుడు మాత్రం ఆగలేదు. నిజం చెప్పేస్తే ఆగుతుందని ఆశపడ్డాడు. చెప్పాక కూడా, ముందులా రోజూ కాదు గాని, ఏ మూడు వారాలకో వినబడేది. కొన్నాళ్ళకు దాన్నుంచి పారిపోవడం మానేశాడు. వినబడినప్పుడు చేస్తున్న పని ఆపి, చేతులు కట్టుకుని నిలబడేవాడు.

నేను మాదయ్యను చూసింది ఆ తర్వాతే, కోడంబాక్కంలో. నేనక్కడ ఒక స్టూడియోలో తెరలకు రంగులు వేసేవాణ్ని. రాయపురం వదిలి వచ్చేసిన మాదయ్య అదే స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగిగా చేరాడు. పురాణం సినిమాలకు రాజభవనాలు, గుళ్ళు కట్టాలి. ఆయన రీపర్లతో చట్రం చేస్తే, దానిమీద గోనెపట్టా, పారిస్ ప్లాస్టరు వేసి, నేను నల్లరాతి రంగు పూసేవాణ్ని. మధ్యాహ్నం అన్నాల దగ్గర, రెండేళ్ళ మీద, ముక్కలు ముక్కలుగా ఆయన ఇదంతా నాకు చెప్పాడు. కొంత అలమేలమ్మ చెప్పింది.

ఒకరోజు గుడి సెట్టుకు ద్వారపాలకులు తయారయ్యారు. ఒక్కొక్కటి తొమ్మిది అడుగులు. దగ్గరికొచ్చి తట్టి చూస్తేగాని రాయి కాదని తెలియదు. ఇద్దరు మనుషులు నవ్వుకుంటూ ఒకదాన్ని తలలమీదికి ఎత్తుకుని నడుస్తున్నారు. కింద నాట్యం చేసే ఆడపిల్లలు కూర్చుని గజ్జెలు కట్టుకుంటున్నారు. మాదయ్య ఉలి పడేసి పరుగెత్తాడు.

"లేవండి! లేచి అవతలికి పోండమ్మా!"

ఆయన గొంతు అంత పెద్దదని నాకు అంతవరకు తెలియదు. ఆడపిల్లలు బెదిరి లేచిపోయారు. లైట్లు సర్దేవాళ్ళు ఆగి చూశారు. మోసేవాళ్ళలో ఒకడు, "ఇదేం రాయా పెద్దాయనా? గుల్లదే!" అన్నాడు. అందరూ నవ్వారు. మాదయ్య నవ్వలేదు. వెనకే పరుగెత్తి వచ్చిన నా మణికట్టు పట్టుకుని, ఆ బొమ్మ గోడ పక్కన దిగేదాకా వదల్లేదు.

షూటింగు మళ్ళీ మొదలైంది. అందరూ అటు వెళ్ళాక మాదయ్య ఆ ద్వారపాలకుడి దగ్గరికి పోయి, చంక కింద చెయ్యి వేసి, ఒక్క చేత్తో నేలనుంచి జానెడు పైకి లేపాడు. దించాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసి, మళ్ళీ లేపాడు.